తుర్క్‌మెనిస్తాన్ జెండా మీద తివాచీ ఉండాల్సిందే

జెండాల డిజైన్ గురించి ఇంటర్నెట్‌లో ఎక్కడ చర్చ మొదలైనా కాసేపటికి మధ్య ఆసియాలోని తుర్క్‌మెనిస్తాన్ పేరు వస్తుంది, వచ్చినప్పుడల్లా అదే మాట, మరీ గజిబిజిగా ఉంది, జెండా మీద తివాచీ ఏంటి, చిన్నపిల్లలు గీయగలరా దీన్ని అని. అమెరికా సీఐఏ వాళ్ళ ఫ్యాక్ట్‌బుక్‌లో కూడా అన్ని దేశాల జెండాల్లోకీ బాగా క్లిష్టమైనది ఇదే అని రాశారు. క్లిష్టం అన్నంతవరకు నాకేం అభ్యంతరం లేదు. క్లిష్టంగా ఉంది కాబట్టి చెత్త డిజైన్ అంటారు చూడండి, నా గొడవంతా దాంతోనే. సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన పదిహేను దేశాల జెండాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఆ నేల మీద బతికిన మనుషుల చేతిపని ఇంతగా కనిపించే జెండా నాకు ఇంకోటి దొరకలేదు. దీంట్లో తప్పులు లేవని కాదు, ఉన్నాయి, పెద్దవే ఉన్నాయి, కానీ అందరూ వేలెత్తి చూపించే తప్పు మాత్రం తప్పు కాదు.

ముందు జెండా చూసినట్టు లేని వాళ్ళ కోసం చెప్తాను. మొత్తం ఆకుపచ్చ. ఎడమ అంచుని ఆనుకోకుండా కాస్త ఆకుపచ్చ వదిలేసి పైనుంచి కిందిదాకా ముదురు ఎరుపు పట్టీ ఒకటి. ఆ పట్టీలో ఒకదాని కింద ఒకటి ఐదు తివాచీ డిజైన్లు, వాటిని గుల్ అంటారు. వాటికింద అడ్డంగా కలుసుకున్న రెండు ఆలివ్ కొమ్మలు. పట్టీకి పక్కన పైభాగంలో తెల్ల నెలవంక, ఐదు తెల్ల నక్షత్రాలు. నక్షత్రాలు ఐదు ప్రాంతాలకి గుర్తు, ఆహాల్, బల్కన్, దాషోగుజ్, లెబాప్, మరీ. గుల్‌లు ఐదు పెద్ద తెగలకి గుర్తు, టెకే, యోముత్, ఎర్సారి, చౌదుర్, సారిక్. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

జెండా అంటే సింపుల్‌గా ఉండాలి, చిన్నపిల్లలు చూడకుండా గీసేంత తేలిగ్గా ఉండాలి, రెండు మూడు రంగులకి మించకూడదు, ముద్రలు అక్షరాలు ఉండకూడదు అనే రూల్స్ ఈమధ్య బాగా పాపులర్ అయ్యాయి. ఉత్తర అమెరికాలో జెండాల మీద పనిచేసే ఒక సంఘం చిన్న పుస్తకంగా వేసింది వీటిని, అక్కడినుంచి అందరి నోటికీ ఎక్కాయి. ఆ రూల్స్ పుట్టిన చోట వాటికి అర్థం ఉంది. అమెరికాలో ఎన్నో రాష్ట్రాల జెండాలు నీలం గుడ్డ మీద ప్రభుత్వ ముద్ర అతికించినట్టు ఉంటాయి, పది అడుగుల దూరం నుంచి చూస్తే ఏది ఏ రాష్ట్రానిదో చెప్పలేం, అలాంటివాటికి ఈ మందు సరిగ్గా పనిచేస్తుంది. అంతకుముందు చూసుకున్నా సముద్రం మీద దూరంగా వచ్చే ఓడ మనదా శత్రువుదా అని దుర్భిణిలో చూసి చెప్పాల్సిన రోజుల్లో మూడు పట్టీలు ఒక శిలువ అన్న పద్ధతి ప్రాణం కాపాడే పద్ధతి. సరే. కానీ సముద్రం మీద ఓడలు నడిపిన జాతులు పెట్టుకున్న పద్ధతిని, కారకుమ్ ఎడారి అంచుల్లో గొర్రెలు మేపుకుంటూ గుడారాల్లో బతికిన జాతి కూడా పాటించి తీరాలని ఎవరు చెప్పారు?

ఇంక చిన్నపిల్లల సంగతి. ఈ రూల్ రాసినవాళ్ళు ఏ పిల్లల్ని చూసి రాశారో నాకు తెలీదు. మన ఊళ్ళల్లో ధనుర్మాసంలో పొద్దున్నే వాకిట్లో కూర్చుని, కాగితం ముందు పెట్టుకోకుండా, 21 చుక్కల మెలికల ముగ్గు గీత ఎక్కడా తెగకుండా తిప్పుకొచ్చే పదేళ్ళ పిల్లల్ని మనం అందరం చూశాం. ఆ ముగ్గుని తెచ్చి ఏ స్వీడన్ పిల్లాడి ముందో పెడితే వాడికి అది గజిబిజే, వాడు తన జెండాలోని శిలువ గీసి లేచిపోతాడు. అంటే కష్టం ముగ్గులో లేదు, అలవాటులో ఉంది. తుర్క్‌మెన్ ఇళ్ళల్లో తివాచీ నేత తల్లి దగ్గర కూతురు నేర్చుకునే పని, డిజైన్ కాగితం మీద గీసి ముందు పెట్టుకుని నేయడం పాత పద్ధతి కాదు, అన్నీ చేతికి గుర్తే. ఆ జెండాలో ఉన్న గుల్‌ని చూడకుండా గీయగలిగిన పిల్లలు అసలు ఎక్కడైనా ఉన్నారంటే అక్కడే ఉన్నారు.

ఈ గొడవలో పడ్డాక నేను టెకే గుల్ ఒకదాన్ని గ్రాఫ్ పేపర్ మీద గడి గడికీ వేసుకుంటూ కూర్చున్నాను, ఎందుకంటే కళ్ళతో చూసి అర్థమైంది అనుకోవడం వేరు, చెయ్యి పెడితే తెలిసేది వేరు. దూరం నుంచి చూస్తే గుండ్రంగా సాగినట్టున్న ఎనిమిది మూలల బొమ్మ. దగ్గరికి వెళ్తే దాన్ని అడ్డంగా నిలువుగా రెండు గీతలు నాలుగు ముక్కలు చేస్తాయి. పైన ఎడమ ముక్క ఏ రంగో కింద కుడి ముక్క అదే రంగు, మిగతా రెండూ ఇంకో రంగు, అంటే రంగులు ఎదురెదురు మూలలకి మారుతుంటాయి. ప్రతి ముక్కలో మూడాకుల రెమ్మలాంటి చిన్న చిన్న బొమ్మలు, మధ్యలో చిన్న పెట్టె. ఇంక అసలు విషయం, ఆ నాలుగు ముక్కలు చేసే గీతలున్నాయే, అవి గుల్ అంచు దగ్గర ఆగవు. నిజమైన తివాచీలో అవి బయటికి సాగి పక్క గుల్‌లోకి, కింద గుల్‌లోకి వెళ్ళిపోతాయి, తివాచీ మొత్తం వల అల్లినట్టు కలిసిపోతుంది, విడి బొమ్మంటూ ఒక్కటీ ఉండదు. గ్రాఫ్ పేపర్ మీద ఒక్క గడి పక్కకి జరిగితే నాలుగు వైపులా తేడా కొట్టేస్తుంది. ఆ పని వాళ్ళు ఊలుతో చేస్తారు, నేలబారున పరిచిన మగ్గం మీద, పడుగు దారాలకి ఒక్కో ముడి వేసి, కత్తితో కోసి, మళ్ళీ ముడి వేసి, వరస అయ్యాక పేక పోసి బరువైన ఇనుప దువ్వెనతో దబదబా కొట్టి దిగ్గొడతారు, ఆ దువ్వెనని దరక్ అంటారు. మంచి టెకే తివాచీలో చదరపు అంగుళానికి వందల ముడులుంటాయి. ఆ ఎరుపు మంజిష్ఠ జాతి మొక్క వేరు నుంచి తీసిన రంగు, 19వ శతాబ్దం చివర్లో రసాయన రంగులు వచ్చి పడేదాకా శతాబ్దాలుగా అదే. జెండా పట్టీ ముదురు ఎరుపు అందుకే, ఆ ఎరుపుకి సోవియట్ జెండా ఎరుపుతో చుట్టరికం లేదు.

పైగా అవి ఊరికే నేల మీద పరుచుకునే గుడ్డలు కావు. గుడారానికి తలుపుగా వేలాడేది తివాచీయే, బట్టలు దాచుకునే సంచీ తివాచీ నేతే, పెళ్ళి ఊరేగింపులో ఒంటె పక్కలకి కట్టే ఐదు మూలల అలంకారం కూడా అదే నేత, దాన్ని అస్మాలిక్ అంటారు. కదిలే ఇల్లు కదా, గోడ, బీరువా, తలుపు అన్నీ చుట్టి ఒంటె మీద వేసుకుపోవాలి. అలాంటి జాతికి దేశం ఏర్పడి జెండా కావాల్సి వచ్చినప్పుడు ఇంకేం పెట్టుకుంటారు అందులో?

ఆ దేశం ఏర్పడిన తీరు కూడా చూడాలి. రష్యా సైన్యం 1881 జనవరిలో గ్యోక్‌తెపే కోటని పడగొట్టి వేల మందిని చంపింది, టెకే వాళ్ళ ప్రతిఘటన అక్కడితో విరిగిపోయింది. 1924లో సోవియట్ ప్రభుత్వం మధ్య ఆసియాని జాతుల పేరున ముక్కలు చేసినప్పుడు తుర్క్‌మెన్ రిపబ్లిక్ పుట్టింది. అప్పటిదాకా నువ్వెవరు అంటే టెకే అనో యోముత్ అనో చెప్పే జనానికి మొట్టమొదటిసారి మ్యాప్ మీద ఒకే గీత లోపల ఒకే పేరు. ఇంక జెండా అంటారా, అన్ని రిపబ్లిక్కులకీ ఎరుపే, కొడవలి సుత్తే. 1950ల మొదట్లో తేడా తెలియడానికి ఒక్కొక్కరికీ ఒక్కో పట్టీ ఇచ్చారు, తుర్క్‌మెన్‌లకి లేత నీలం పట్టీలు రెండు వచ్చాయి. చూస్తే ఆఫీసులో ఫైళ్ళు కలిసిపోకుండా రంగు మార్చి పెట్టినట్టే ఉంటుంది, ఆ నీలానికీ ఆ ఎడారికీ ఏం సంబంధమో చూసేవాడికి తట్టదు. కానీ అప్పటి రిపబ్లిక్ చిహ్నంలో మాత్రం, పత్తీ ద్రాక్షా గోధుమ కంకులూ చమురు బావులూ వీటన్నిటి మధ్య ఒక తివాచీ ఉంది. అంటే కొడవలి సుత్తి రోజుల్లోనే తివాచీ ఆ దేశానికి గుర్తుగా కుదురుకుంది, 1992లో ఎవరో ఒక్క రాత్రిలో పుట్టించిన ఆలోచన కాదు.

1991 అక్టోబర్ 27న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు, 1992 ఫిబ్రవరి 19న కొత్త జెండా. ఫిబ్రవరి 19 మామూలు తేదీ కాదు, అప్పటి అధ్యక్షుడు సపర్‌మురాత్ నియాజోవ్ పుట్టినరోజు. 1985 నుంచి అక్కడి కమ్యూనిస్టు పార్టీకి మొదటి కార్యదర్శి, తర్వాత అధ్యక్షుడు, తుర్క్‌మెన్‌లందరికీ పెద్ద దిక్కుని అన్న అర్థంలో తుర్క్‌మెన్‌బాషీ అని పేరు పెట్టుకున్నాయన, 2006లో చనిపోయేదాకా పదవి దిగలేదు. ఏళ్ళ తరబడి జెండా పండగ ఆయన పుట్టినరోజు నాడే జరిగింది, 2018లో దాన్ని మే 18 రాజ్యాంగ దినోత్సవంతో కలిపేశారు. ఇది చదివి చాలామంది, నియంత పుట్టినరోజుకి వచ్చిన జెండాని నువ్వు వెనకేసుకొస్తున్నావేంటి అంటారు. నా జవాబు ఒకటే. ఆ జెండాలో నియాజోవ్ ఎంత ఉన్నాడో అది వేరు చేసి చూడగలం, ఆయన సొంతంగా చేర్పించింది ఏంటో కింద చెప్తాను. గుల్‌లు మాత్రం ఆయనవి కావు, ఆయన పుట్టకముందు కొన్ని తరాల ఆడవాళ్ళవి, పేర్లు కూడా మిగలని ఆడవాళ్ళవి. పాలకుడు వాడుకున్నాడు కదా అని వాళ్ళ పనిని పాలకుడికి రాసిచ్చేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

ఇదే సమస్య బెలారుస్‌లో ఇంకా బాధగా కనిపిస్తుంది. ఆ దేశపు ఇప్పటి జెండా అంచున ఎరుపు తెలుపు అల్లిక ఉంటుంది, దాన్ని 1917లో మత్రోనా మార్కెవిచ్ అనే పల్లెటూరి నేతగత్తె నేసింది, ఉదయించే సూర్యుడు ఆ డిజైన్. 1951లో సోవియట్ బెలారుస్ జెండా మీదకి ఎక్కించారు. ఆమె భర్తని 1937లో అదే సోవియట్ ప్రభుత్వం అరెస్టు చేసి చంపేసింది. 1991లో ఆ జెండా పోయి పాత తెలుపు ఎరుపు తెలుపు జెండా వచ్చింది, 1995 రెఫరెండం తర్వాత అధ్యక్షుడు లుకషెంకో కొడవలి సుత్తి తీసేసి సోవియట్ నమూనానే కొద్ది మార్పులతో మళ్ళీ పెట్టించాడు, 2020లో ఆయనకి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన జనం చేతిలో తెలుపు ఎరుపు తెలుపే ఉంది. వాళ్ళ కోపం నాకు పూర్తిగా అర్థమవుతుంది, వాళ్ళ పక్షమే నేను. అయినా ఆ అల్లికని లుకషెంకోది అనలేను, అది మత్రోనాది. కజకిస్తాన్ జెండా అంచున కూడా పొట్టేలు కొమ్ముల నగిషీ ఒకటి సన్నగా ఉంటుంది, కానీ అది పక్కన నిలబడ్డ అలంకారం, మధ్యలో ఉన్న సూర్యుడూ డేగా తీసేస్తే ఆ జెండాని గుర్తుపట్టరు. తుర్క్‌మెనిస్తాన్‌లో మాత్రమే నేత జెండాకి నడుమై కూర్చుంది.

మన జెండా సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే చేతిపనినీ జెండానీ కలపడం మనకి కొత్త కాదు. పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీకి జెండా నమూనా ఇచ్చారు, రాట్నం దానికి గుండెకాయ. 1947లో రాట్నం పోయి అశోక చక్రం వచ్చింది, ఐనా నూలు పూర్తిగా పోలేదు, చేత్తో వడికి నేసిన గుడ్డతోనే జెండా కుట్టాలన్న నియమంలో బతికింది. బొమ్మలోంచి గుడ్డలోకి మారింది అంతే. 2021 డిసెంబర్ చివర్లో ఫ్లాగ్ కోడ్ సవరించి పాలిస్టర్‌కీ మెషీన్ కుట్టుకీ దారి ఇచ్చాక ఆ చివరి నూలుపోగు కూడా తప్పనిసరి కాకుండా పోయింది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. తుర్క్‌మెన్‌ల జెండా ఏ సింథటిక్ గుడ్డ మీద ప్రింట్ చేసినా ఆ నేత బొమ్మలో నిలబడే ఉంటుంది, ఆ లెక్కన వాళ్ళు మనకంటే జాగ్రత్తపడ్డారు.

దూరం నుంచి కనపడదు కదా అనేది ఎదుటివాళ్ళ అసలైన వాదన, దానికి జవాబు చెప్పకుండా తప్పించుకోను. తుర్క్‌మెనిస్తాన్ రాజధాని అష్గబాత్‌లో 2008లో 133 మీటర్ల జెండా స్తంభం కట్టారు, ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని గిన్నిస్ రికార్డు, 2010లో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో కట్టింది దాన్ని దాటేసింది. దాని మీద ఎగిరే జెండాలో ఒక్కో గుల్ మనిషి ఎత్తుకి రెండింతలు పైనే ఉంటుంది, అయినా ఊరి రెండో చివర నుంచి చూస్తే లోపలి మూడాకుల రెమ్మలు కనపడవు, ఒప్పుకుంటాను. ఫోన్‌లో ఎమోజీగా చూస్తే ఇంకా అన్యాయం, ఎర్ర మరక ఒకటి కనిపిస్తుంది. కానీ గుర్తుపట్టడానికి అదే చాలు! ఆకుపచ్చ మీద అంచు వదిలి నిలువుగా నిలబడ్డ ముదురెరుపు పట్టీ ఇంకే దేశానికీ లేదు. రొమేనియా, చాద్ జెండాలు పక్కపక్కన పెట్టండి, రెండూ రూల్ ప్రకారం అద్భుతమైన సింపుల్ జెండాలు, ఏది ఏ దేశానిదో చెప్పడం ఆ దేశాలవాళ్ళకే కష్టం. దూరానికి ఒక మాట, దగ్గరికి వచ్చినవాళ్ళకి వంద మాటలు చెప్పే జెండాలో లోపం ఏముందో నాకు అర్థం కాదు.

ఇప్పుడు నిజమైన తప్పుల దగ్గరికి వస్తాను. మొదటిది ఆ ఆలివ్ కొమ్మలు. 1992 జెండాలో అవి లేవు. 1995 డిసెంబర్ 12న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ తుర్క్‌మెనిస్తాన్ శాశ్వత తటస్థతని గుర్తిస్తూ తీర్మానం చేసింది, నియాజోవ్ దాన్ని తన గొప్ప విజయంగా చెప్పుకున్నాడు, రాజధానిలో తటస్థతా తోరణం కట్టించి పైన సూర్యుడితో పాటు తిరిగే తన బంగారు విగ్రహం పెట్టించాడు. 1997లో ఆ తటస్థతే జెండాలోకి కూడా ఎక్కింది, ఐక్యరాజ్యసమితి జెండాలో ఉన్నలాంటి కొమ్మలే తెచ్చి పట్టీలో అడుగున పెట్టారు. ఆయన చేర్పించింది అన్నది ఇదే. ఒక ప్రభుత్వం విదేశాంగ విధానం అది, మంచిదే కావచ్చు, కానీ తివాచీలో దానికేం పని? పాత తుర్క్‌మెన్ తివాచీల్లో నేనెక్కడా ఆలివ్ కొమ్మ చూడలేదు. పైన ఐదు గుల్‌లూ గళ్ళ లెక్కతో, మూలలతో, ఎదురెదురు రంగులతో ఒక పద్ధతిలో నడుస్తాయి, కింద హఠాత్తుగా వంకర తిరిగిన ఆకుల కొమ్మ, పెన్‌తో గీసినట్టు. కళ్ళు అక్కడే తడబడతాయి. గజిబిజి అంటున్నవాళ్ళు గమనించకుండానే కసురుకునేది దీన్నే అని నా గట్టి నమ్మకం. 2001లో కొలతలు మార్చి మూడుకి రెండు పాళ్ళలోకి తెచ్చినప్పుడైనా దాన్ని తీసేయొచ్చు, తీయలేదు.

రెండోది ఇంకా పెద్దది, సాలిర్ తెగ. పాత తివాచీలు సేకరించేవాళ్ళని అడిగితే తుర్క్‌మెన్ నేతలో సాలిర్‌లది అగ్రస్థానం అని చెప్తారు. బురుజుల్లా అంచులు పొడుచుకొచ్చిన ఎనిమిది మూలల గుల్ వాళ్ళది, ఒకసారి చూస్తే మరిచిపోలేం. 1832లో ఇరాన్ యువరాజు అబ్బాస్ మీర్జా వాళ్ళుండే సరఖ్స్ ఊరి మీద పడి వాళ్ళని చితక్కొట్టేశాడు, తెగ చెల్లాచెదురైంది, ఆ తర్వాత మళ్ళీ ఆ స్థాయికి రాలేదు. జెండాలో వాళ్ళకి చోటు లేదు. ఐదు పెద్ద తెగల్లో లేరు కాబట్టి లెక్కలో లేరు.

సోవియట్ పరిశోధకురాలు వాలెంతినా మోష్కోవా మధ్య ఆసియా ఊళ్ళు తిరిగి తివాచీల మీద ఎంతో పనిచేసింది. ప్రతి తెగకీ ఒక సొంత గుల్ ఉంటుంది, యుద్ధంలో ఓడిపోయిన తెగ తన గుల్‌ని పెద్ద తివాచీల మీద నేసే హక్కు పోగొట్టుకుని గెలిచినవాళ్ళ గుల్ నేయాల్సి వస్తుంది అని ఆవిడ సిద్ధాంతం. తర్వాతి పండితులంతా దాన్ని ఒప్పుకోలేదు, కారణం సాలిర్‌ల కథే. వాళ్ళు ఓడిపోయాక వాళ్ళ గుల్ మాయం కాలేదు, సారిక్ ఆడవాళ్ళూ టెకే ఆడవాళ్ళూ దాన్ని తమ మగ్గాల మీదకి తీసుకున్నారు. బలంలో గెలిచినవాళ్ళు అందంలో ఓడినవాళ్ళ దగ్గర నేర్చుకున్నారు అన్నమాట. ఒక తెగకి ఒక గుల్ అని జెండా చూపించే చక్కటి లెక్క మగ్గం దగ్గర ఎప్పుడూ అంత చక్కగా లేదు, పెళ్ళిళ్ళతో, వలసలతో, సంతల్లో కొనుగోళ్ళతో డిజైన్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

ఐదు ప్రాంతాలు ఐదు తెగలు, లెక్క కుదిరింది కదా, ఆరోది పెడితే చెడిపోతుంది అంటారేమో. ఆ లెక్క అసలు కుదరలేదు. టెకే వాళ్ళు ఆహాల్‌లోనూ ఉన్నారు మరీలోనూ ఉన్నారు, యోముత్‌లు బల్కన్‌లోనూ దాషోగుజ్‌లోనూ ఉన్నారు. నక్షత్రాలు జిల్లాల్లాంటి పాలనా ప్రాంతాల్ని లెక్కపెడతాయి, గుల్‌లు మనుషుల్ని లెక్కపెడతాయి, ఈ రెండూ సమానంగా ఉండాలని ఏ చేతిపనిలోనూ రూల్ లేదు. ఇంకొకటి, తెగల గుర్తులు జెండా మీద పెడితే విడిపోతారు అనే భయం కూడా కొందరికి ఉంది. అధికారంలో ఆహాల్ టెకే వాళ్ళదే పైచేయి అని బయటి పరిశీలకులు చాలాకాలంగా అంటున్నారు, అలాంటి చోట మిగతా తెగలన్నీ అదే సైజులో అదే పట్టీలో కనపడటం నాకు మంచి విషయంగానే తోస్తుంది. కాకపోతే సమానత్వం అన్నాక ఓడిపోయినవాడికి కూడా కుర్చీ వేయాలి.

తుర్క్‌మెన్ తివాచీ నేతని యునెస్కో 2019లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది, మే నెల చివరి ఆదివారం అక్కడ తివాచీ పండగ, 301 చదరపు మీటర్ల తివాచీ నేయించి గిన్నిస్ రికార్డు కూడా తెచ్చుకున్నారు. నేత మీద అంత గౌరవం ఉన్న ప్రభుత్వానికి జెండాని సరిచేయడం కష్టమైన పని కాదు, చట్టం ఇప్పటికే 1997లో ఒకసారి, 2001లో ఒకసారి మార్చుకున్నారు. అదే మధ్య ఆసియాలో ఉన్న కిర్గిజ్‌స్తాన్ 2023 డిసెంబర్‌లో తన జెండాలోని సూర్యుడి కిరణాలు వంకరగా ఉన్నాయని వాటిని తిన్నగా మార్చుకుంది, మంచిదో చెడ్డదో వేరే చర్చ, మార్చొచ్చు అనేదానికి సాక్ష్యం అది. నేను 1992 నాటి జెండానీ ఇప్పటిదాన్నీ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి కొలిచి చూశాను. ఆ ఆలివ్ కొమ్మలు తీసేసి పైన గుల్‌లని కొంచెం సర్దితే కింద ఖాళీ వస్తుంది, దాంట్లో సాలిర్ గుల్ పడుతుంది.